నలభై రెండో రోజు ఏం చేస్తాం?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. నాకు ఒక్కడే తమ్ముడు, ఇరవై తొమ్మిదేళ్లు. పత్తి యార్డుకు బోరాలు తోలే బొలెరో నడుపుతాడు. ఆరేళ్లుగా తాగుతున్నాడు. మొదట్లో సాయంత్రం ఒక క్వార్టర్‌తో సరిపెట్టుకునేవాడు. ఇప్పుడు పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, టెట్రా ప్యాకెట్ ఒకటి పడితే గానీ స్టీరింగు పట్టుకోలేడు. అప్పుడప్పుడు గంజాయి కూడా తాగుతాడు. పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేశాడు. ముందు రోజు రాత్రి దాకా తాగి, మాల వేసిన రోజు నుంచి పూర్తిగా మానేశాడు. రెండో రోజు సాయంత్రం ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఏదో మైల తగిలింది, స్వామికి కోపం వచ్చిందని ఊళ్లో అన్నారు. మాల తీసేయించాం. అప్పటి నుంచి 'దేవుడే వద్దన్నాడు, ఇక నన్ను వదిలెయ్యండి' అంటాడు.

ఇంట్లో తలా ఒక మాట. 'సింగపూర్‌లో అయితే ఉరి తీస్తారు, వీడిని పోలీసులకు పట్టిస్తే దారికొస్తాడు' అంటాడు నాయన. అమెరికాలో ఉన్న మా చిన్నాయన కొడుకేమో 'అది జబ్బు, రిహాబ్‌లో పెట్టండి, పోర్చుగల్‌లో శిక్షలే తీసేశారు' అని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతాడు. హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లు మూడు నెలలకు మూడు లక్షలు అడిగారు. చేను అమ్మాల్సిందే. అమ్మ ఎవరో ఇచ్చిన పొడి పప్పులో కలిపి పెడదామంటోంది. అసలు ఏ దేశం పద్ధతి పనిచేసింది? మేము ఏ దారి పట్టాలి?

- ఒక అక్క, కర్నూలు జిల్లా

సమాధానం:

అమ్మా, దేశాల సంగతికి తర్వాత వద్దాం. ముందు ఆ ఫిట్స్ సంగతి. మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు పోయారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను.

మీ తమ్ముడి మీద ఏ దేవుడికీ కోపం రాలేదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చని డాక్టర్లందరికీ తెలుసు. అతను డ్రైవరు కాబట్టి అతని భాషలోనే చెప్పండి. హ్యాండ్‌బ్రేకు వేసి ఉన్న బండి కదలాలంటే యాక్సిలరేటరు గట్టిగా తొక్కాలి. మద్యం మెదడుకు బ్రేకు లాంటిది. ఆ బ్రేకు ఎప్పుడూ పడే ఉంటే, మెదడు యాక్సిలరేటరు తొక్కిపట్టి నడవడానికి అలవాటు పడుతుంది. ఒక్కరోజులో బ్రేకు తీసేస్తే బండి ముందుకు దూకుతుంది. ఆ దూకడమే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, ఫిట్స్. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఈ ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ. మీవాడికి రెండో రోజు సాయంత్రం వచ్చాయన్నారు. లెక్క సరిపోయింది.

రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య ఇంకో గండం ఉంటుంది. తాగుడు మాన్పించే వార్డుల్లో నేను ఇరవై ఏళ్లకు పైగా కౌన్సెలరుగా పనిచేశాను. ఒక లారీ డ్రైవరు నాకు ఇప్పటికీ గుర్తు. ఇంట్లో వాళ్లు గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూశారు. మూడో రోజు మాట తేడాగా ఉందని మా దగ్గరికి తెచ్చారు. రాత్రంతా మంచం ఇనుప అంచు పట్టుకుని స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు. 'పక్కకు జరుగు, పక్కకు జరుగు, గొర్రెలొస్తున్నాయి' అని అరుస్తాడు. దుప్పటి మీద లేని చీమలను ఒక్కొక్కటే ఏరి కింద పారేస్తాడు. ఒళ్లు కాలిపోతోంది. భార్య కాళ్ల దగ్గర కూర్చుని, ఎవరో గాలి సోకించారని ఏడుస్తోంది. బతికాడు. ఇంకొక్క రాత్రి ఆ గదిలోనే ఉంచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. వైద్యం అందకపోతే ఈ దశలో ప్రాణాలు పోతాయి.

ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి మళ్లీ మానేటప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని మీ తమ్ముడు ఇంట్లో మానకూడదు. ఒట్టు వేసి గానీ, తాళం వేసి గానీ, మాల వేసి గానీ ఉన్నట్టుండి మానకూడదు. ఆసుపత్రిలో మానాలి. మీ ఇంట్లో ఏ గొడవ తేలినా తేలకపోయినా ఈ ఒక్క మాట మీద అందరూ నిలబడండి. ఈ లోపు ఎప్పుడైనా మళ్లీ ఫిట్స్ వస్తే తాళం చెవులు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం చెయ్యవద్దు. నోట్లో ఏమీ పెట్టకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

ఇక అమ్మ చెబుతున్న పొడి. దీనికీ ఒక దేశం కథ ఉంది. 1940లలో డెన్మార్క్‌లో ఇద్దరు పరిశోధకులు, జెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సెన్, కడుపులో నులిపురుగులకు పనికొస్తుందేమోనని డైసల్ఫిరామ్ అనే మందును తమ మీదే ప్రయోగించుకున్నారు. తర్వాత మామూలుగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ పుట్టి, వాంతులయ్యాయి. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు పుట్టే ఒక విషాన్ని శరీరం బయటికి పంపనీయకుండా ఈ మందు అడ్డుపడుతుంది. 1948 నుంచి తాగుడు మాన్పించడానికి దాన్ని వాడుతున్నారు. డెన్మార్క్‌లో చాలాకాలం దీని వాడకం ఎక్కువగా ఉండేది. అయితే అక్కడ మనిషికి అంతా వివరంగా చెప్పి, అతను ఒప్పుకున్నాకే, మరొకరి కళ్లెదుట మింగిస్తారు. 'నేను ఇది వేసుకున్నాను, ఇక తాగలేను' అని అతనికి తెలిసి ఉండటమే ఆ మందుకు సగం బలం.

మన దగ్గర గోడల మీద, బస్సుల వెనక 'వారికి తెలియకుండానే తాగుడు మాన్పించండి' అని ప్రకటనలు ఉంటాయి. ఆ ప్యాకెట్లలో ఏముందో ఎవరికి తెలుసు? ఒకవేళ ఇదే మాత్ర నూరి పెట్టిందైతే, సంగతి తెలియని మీ తమ్ముడు ఎప్పటిలా తాగేస్తాడు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. నంద్యాల వైపు నుంచి ఒకాయనను పెళ్లి పందిట్లో నుంచి నేరుగా ఆసుపత్రికి తెచ్చారు. ముఖం కందగడ్డలా ఉంది, నాడి అందడం లేదు. 'ఏం తిన్నాడు, ఏం మందులు వాడుతున్నాడు' అని డాక్టరు మూడుసార్లు అడిగాక ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని, చారులో పొడి కలుపుతున్నానని చెప్పింది. మనిషి దక్కాడు. కానీ ఏడాది పాటు ఆమె చేతి అన్నం ముట్టలేదు. హోటల్లో తిని, అక్కడి నుంచి అటే సారా కొట్టుకు పోయేవాడు. మీ అమ్మకు ఈ సంగతి మెల్లగా చెప్పండి. ఆమెను తిట్టకండి. కొడుకు బాగుపడాలన్న ఆశే ఆమెతో అలా అనిపిస్తోంది.

మీ నాయన మాటకు వద్దాం. సింగపూర్‌లో ఉరిశిక్ష ఉన్న మాట నిజమే. అది 15 గ్రాములకు మించి హెరాయిన్, 500 గ్రాములకు మించి గంజాయి లాంటివి రవాణా చేసేవాళ్లకు. మత్తుకు అలవాటు పడ్డవాళ్లను అక్కడ జైళ్ల శాఖ నడిపే పునరావాస కేంద్రానికి పంపుతారు. కఠినంగానే ఉంటుంది. కానీ మీ నాయనకు ఎవరూ చెప్పని భాగం ఆ తర్వాతిది. బయటికి వచ్చినవాడిని గాలికి వదలరు. చాలాకాలం పాటు పరీక్షలకు పిలుస్తారు. జైలు నుంచి వచ్చినవాళ్లకు పని దొరికేలా, ఊరివాళ్లు వాళ్లను మళ్లీ తమలో కలుపుకునేలా 2004 నుంచి ఎల్లో రిబ్బన్ పేరుతో పెద్ద కార్యక్రమమే నడుపుతున్నారు. అంత కఠినమైన దేశానికి కూడా భయం ఒక్కటే చాలదని అర్థమైంది. ఇంకో మాట, సింగపూర్‌లో మద్యం తాగడం నేరం కాదు. మీ తమ్ముడి అసలు జబ్బు మద్యమే కదా.

భయంతో మాన్పించాలని చూసిన దేశాలు ఇంకా ఉన్నాయి. 2003లో థాయిలాండ్ మత్తుపదార్థాల మీద యుద్ధం ప్రకటిస్తే మూడు నెలల్లో 2,000 మందికి పైగా చనిపోయారు. అందులో చాలామందికి ఆ వ్యాపారంతో సంబంధమే లేదని తర్వాత విచారణలో తేలింది. వియత్నాంలో ఏళ్ల తరబడి మనుషులను కేంద్రాల్లో పెట్టి, చికిత్స పేరుతో పని చేయించారు. బయటికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ మొదలుపెట్టారు. చివరికి 2008లో అదే దేశం హైఫాంగ్, హోచిమిన్ నగరాల్లో హెరాయిన్‌కు బదులుగా మెథడోన్ అనే మందు ఇచ్చే క్లినిక్కులు తెరిచింది. ఇలాంటి నిర్బంధ కేంద్రాలు మూసెయ్యాలని 2012లో ఐక్యరాజ్యసమితికి చెందిన 12 సంస్థలు కలిసి ప్రకటన చేశాయి.

గంజాయి విషయంలో మన చట్టం గురించి కూడా మీ నాయన తెలుసుకోవాలి. మత్తుపదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైనవాడు తాగినందుకో, తక్కువ మొత్తం దగ్గర ఉంచుకున్నందుకో కేసులో ఇరుక్కున్నా, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు పొందిన కేంద్రంలోనో చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కన్నతండ్రి స్టేషన్‌కు తీసుకుపోతే వాడి పేరు మీద కేసు మిగులుతుంది, నాయన మీద కసి మిగులుతుంది. అదే నాయన ఆసుపత్రికి తీసుకుపోతే చట్టం కూడా ఆయన పక్కనే ఉంటుంది. పోలీసుల భయం పెట్టదలిస్తే ఒక్క విషయంలో పెట్టమనండి: తాగి బండి నడపడం. పొద్దున్నే ప్యాకెట్ తాగి ఆదోని రోడ్డు మీద బోరాల బండి తోలుతున్నాడంటే, ఎదురుగా బడికి పోయే పిల్లలు ఉంటారు. చికిత్స మొదలయ్యేదాకా బండి తాళం చెవి ఇంట్లో ఉండాలి. ఓనరుతో మాట్లాడటానికి సిగ్గుపడకండి.

మీ చిన్నాయన కొడుకు చెప్పింది చాలావరకు నిజం, కానీ సగం కథే. 2001 జులై నుంచి పోర్చుగల్‌లో సొంత వాడకానికి కొద్ది మొత్తంలో, అంటే పది రోజులకు సరిపడేంత, మత్తుపదార్థం దగ్గర ఉంటే జైలు లేదు. అలాగని స్వేచ్ఛ ఇచ్చెయ్యలేదు. దొరికినవాడు ముగ్గురు సభ్యుల కమిషన్ ముందు కూర్చోవాలి. చట్టం తెలిసినవాళ్లు, వైద్యం, సామాజిక సేవ తెలిసినవాళ్లు అందులో ఉంటారు. నీకేం కావాలి, చికిత్సకు వస్తావా, పని ఉందా, ఇల్లు ఉందా అని అడుగుతారు. అదే సమయంలో ప్రభుత్వం చికిత్స కేంద్రాలు పెంచింది. లిస్బన్ వీధుల్లో మెథడోన్ ఇచ్చే వ్యాన్లు తిరిగాయి. చికిత్స చేతికి అందేంత దూరంలో ఉంది కాబట్టే శిక్ష తీసెయ్యడం కలిసొచ్చింది.

దీన్ని చూసి అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2020లో ప్రజల ఓటుతో దాదాపు ఇలాంటి చట్టమే తెచ్చుకుంది. 2021 ఫిబ్రవరి నుంచి శిక్షలైతే తీసేశారు గానీ, చికిత్సకు ఇస్తామన్న డబ్బు నెలల తరబడి చేరలేదు. వీధుల్లో పరిస్థితి చూసి జనం విసిగిపోయారు. 2024 సెప్టెంబరు నుంచి మళ్లీ నేరంగా మార్చేశారు. ఇంటి విషయంలోనూ అంతే. 'జబ్బు కదా పాపం' అని ఊరుకుంటే జాలి తప్ప మిగిలేది ఏమీ ఉండదు. జబ్బు అన్నాక వైద్యం ఉండాలి.

పోర్చుగల్, స్విట్జర్లాండ్ లాంటి చోట్ల పేరు తెచ్చుకున్న పద్ధతులు ప్రధానంగా హెరాయిన్ కోసం పుట్టాయి. జ్యూరిచ్ నడిబొడ్డున ప్లాట్స్‌పిట్స్ పార్కులో వందల మంది బహిరంగంగా సూదులు పొడుచుకునేవాళ్లు. 1992లో దాన్ని మూసేస్తే జనం పక్కనున్న పాత రైల్వే స్టేషన్‌కు మారారంతే. 1994లో స్విస్ ప్రభుత్వం మరీ ముదిరిపోయినవాళ్లకు డాక్టర్ల పర్యవేక్షణలో హెరాయిన్‌నే మందుగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2008లో ప్రజలు ఓటు వేసి ఆ పద్ధతిని ఆమోదించారు. హెరాయిన్‌కు బదులుగా మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ అనే మందులున్నాయి. మద్యానికి అలాంటి బదులు మందు లేదు. మద్యానికి వాడే మందులు వేరు: మొదటి వారం వణుకు, ఫిట్స్ రాకుండా కాచేవి కొన్ని, ఆ తర్వాత తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి. ఇవి మన దేశంలో దొరుకుతాయి. లివర్ పరీక్షలు చూసి ఏది పనికొస్తుందో డాక్టరు చెబుతారు. కాబట్టి పోర్చుగల్ నుంచి మీరు తెచ్చుకోవాల్సింది మందుల చీటీ కాదు. ఆ కమిషన్ వాళ్లు అడిగే ప్రశ్నలు తెచ్చుకోండి.

రిహాబ్ అనగానే మనకు తోచేది అమెరికా. అక్కడ 1949 తర్వాత మిన్నెసోటా రాష్ట్రంలో రూపుదిద్దుకున్న 28 రోజుల పద్ధతి దేశమంతా పాకింది. ప్రశాంతమైన చోటు, కౌన్సెలింగ్, తోటివాళ్లతో కూర్చుని మాట్లాడటం. మంచిదే. కానీ ఇరవై తొమ్మిదో రోజు ఆ మనిషి పాత ఇంటికి, పాత స్నేహితుల దగ్గరికే వస్తాడు. ఒకే మనిషి నాలుగైదుసార్లు రిహాబ్‌కు పోయి వచ్చిన కథలు అక్కడ లెక్కలేనన్ని. డబ్బుకూ, కేంద్రాలకూ కొదవలేని ఆ దేశంలో 2021 ఒక్క ఏడాదిలోనే మత్తుమందుల మోతాదు మించి లక్ష మందికి పైగా చనిపోయారు.

అదే అమెరికాలో రిహాబ్‌లో చేరనక్కర్లేని పద్ధతులు రెండు పుట్టాయి. మీ చిన్నాయన కొడుకు వాటి గురించి చెప్పి ఉంటే బాగుండేది. 1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ అనే ఊళ్లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు ఆసరాగా పట్టుకుని మానారు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అనే సంఘం అలా మొదలైంది. మన దేశంలోనూ ఏఏ మీటింగులు జరుగుతాయి. ఫీజు లేదు, పేరు చెప్పనక్కర్లేదు. పూర్తిగా మానేసి ఉండటంలో ఈ సంఘాలు మిగతా చికిత్సలకు తీసిపోవని 2020లో అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక పెద్ద సమీక్షలో తేలింది. రెండోది మీలాంటి అక్కల కోసం, భార్యల కోసం పుట్టింది. రాబర్ట్ మేయర్స్ అనే సైకాలజిస్టు, చికిత్సకు రానని మొండికేసేవాళ్ల కుటుంబాలకు శిక్షణ ఇచ్చే పద్ధతి తయారు చేశారు. నిలదీసి గొడవ పడే ఇళ్లతో పోలిస్తే, ఈ పద్ధతి నేర్చుకున్న ఇళ్లలోనే ఎక్కువమంది చికిత్సకు ఒప్పుకున్నారు. తాగి వచ్చినప్పుడు వాదించకండి, వడ్డించకండి, తిట్టకండి, పక్కకు తప్పుకోండి. తాగకుండా వచ్చిన పూట, అది ఎంత తక్కువసేపైనా సరే, వాడికి ఇష్టమైన ఉగ్గాని బజ్జీ చేసి పక్కన కూర్చోండి. పాత బాకీలు, పాత తప్పులు ఆ పూట ఎత్తకండి. తాగి చేసిన తప్పుకు మీరు పోయి క్షమాపణ చెప్పకండి, వాడి అప్పులు మీరు కట్టకండి. మన ఇళ్లలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. తాగి వస్తే ఇల్లంతా వాడి చుట్టూ మూగుతుంది, తాగకుండా వస్తే 'ఏందిరా ఈరోజు విశేషం' అని దెప్పుతాం.

దూరదేశాల సంగతులు చాలు. నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది మన పక్కనే ఉంది. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో ఆయన, అంటే టీటీ రంగనాథన్, పేరిట తాగుడు మాన్పించే సంస్థ మొదలుపెట్టారు. వాళ్లు పల్లెవాళ్లను నగరానికి రమ్మనడంతో సరిపెట్టుకోలేదు. తమిళనాడులో మంజక్కుడి అనే పల్లెకు తామే పోయి పదిహేను రోజుల క్యాంపులు పెట్టారు. డాక్టరు, నర్సు, కౌన్సెలరు అక్కడే ఉంటారు. కుటుంబాన్ని కూర్చోబెడతారు, ఊరి పెద్దలను కలుపుకుంటారు. క్యాంపు అయిపోయాక మళ్లీ మళ్లీ ఆ ఊరికి వచ్చి వాళ్లను పలకరిస్తారు. మాన్పించిన చోటు, మానినవాడు బతకాల్సిన చోటు ఒకటే. అందుకే నాకు ఆ పద్ధతి మీద అంత గురి.

గోవాలో సంగత్ అనే సంస్థ, డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం, ఇంకో పని చేసి చూపించారు. డాక్టరు చదువు లేని మామూలు స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తాగేవాళ్లతో మాట్లాడించారు. నాలుగు విడతల లోపే. అలా మాట్లాడించినవాళ్లలో మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే ఎక్కువమంది తాగుడు నుంచి బయటపడ్డారని 2017లో ప్రచురించారు. అయితే అది తాగుడు ముదరని దశలో ఉన్నవాళ్ల మీద జరిగింది. పొద్దున్నే చేతులు వణికే మీ తమ్ముడు ఆ దశ దాటాడు, వట్టి మాటలతో సరిపోదు. అతనిలాంటివాళ్లకు అందుతున్న వైద్యం ఎంతో తెలుసా? 2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ వాళ్లు చేసిన సర్వేలో, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినట్టు తేలింది. మిగతా 37 మంది ఇళ్లలో జరుగుతున్నది మీ ఇంట్లో జరుగుతున్నదే: పోలీసు మాట, పొడి మాట, చేను అమ్మే మాట.

చేను అమ్మకండి. మొదటి వారం పది రోజుల వైద్యానికి కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. పోయేముందు 14446కు ఫోన్ చెయ్యండి, మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ అది. దగ్గర్లో ప్రభుత్వ సాయంతో నడిచే కేంద్రాలు ఎక్కడున్నాయో చెబుతారు. 14416 టెలీ మానస్‌లో రాత్రీ పగలూ మాట్లాడతారు, తెలుగులోనే. వైద్యం అయ్యాక ఇంకా ఎక్కువ రోజులు ఉంచాలని డాక్టరే అంటే అప్పుడు సెంటర్ల గురించి ఆలోచిద్దాం. అప్పుడైనా డబ్బు కట్టేముందు, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో నమోదు ఉందా, రాత్రిపూట డాక్టరు ఉంటారా, వారానికొకసారైనా మీరు చూడవచ్చా, ఇంటికొచ్చాక ఏడాది పాటు ఎవరు పట్టించుకుంటారు అని అడగండి. చివరి ప్రశ్నకు తడుముకుంటే లేచి వచ్చెయ్యండి. ఒక చోట కిటికీ ఊచకు గొలుసుతో కట్టేసిన ఇరవై రెండేళ్ల పిల్లవాడిని నా కళ్లతో చూశాను. వాళ్ల అమ్మానాన్న నెలనెలా వేలు కడుతున్నారు, లోపలికి మాత్రం రానివ్వరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు జబ్బులకూ వర్తిస్తుంది. మనిషిని గొలుసుతో కట్టడం ఆ చట్టం ప్రకారం పూర్తిగా నిషేధం.

తమ్ముడితో ఎప్పుడు మాట్లాడాలంటే, పొద్దున వణుకు తగ్గాక, ఇంకా మత్తు ఎక్కకముందు ఒక గంట ఉంటుంది. ఆ గంటలో మీరొక్కరే మాట్లాడండి. 'రేయ్, ఆ రోజు నువ్వు పడిపోయింది స్వామి కోపం వల్ల కాదంట. ఒక్కసారిగా మానేస్తే ఎవరికైనా అట్లా అవుతుందంట. ఆసుపత్రిలో ఫిట్స్ రాకుండా మందులిచ్చి మాన్పిస్తారంట. ఒకసారి పోయి కనుక్కొని వద్దాం రా.' అంతే. జీవితాంతం మానేస్తానని మాట తీసుకోకండి. నా అనుభవంలో ఇలాంటివాళ్లలో చాలామంది బయటికి మొండిగా కనబడతారు, లోపల భయపడుతుంటారు. మీ తమ్ముడు దేవుడే వద్దన్నాడనడంలో నాకు మొండితనం కంటే భయమే వినబడుతోంది.

ఇంకో మాట. మళ్లీ కార్తీకంలో మాల వేస్తానంటే వద్దనకండి. ఆసుపత్రిలో మాని, డాక్టరు సరేనన్నాక వెయ్యనివ్వండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, గురుస్వామి మాట, పదిమంది స్వాములతో భజన, ఒక్కపూట భోజనం. పెద్ద పెద్ద కేంద్రాల్లో డబ్బు తీసుకుని అలవాటు చేసే క్రమశిక్షణ ఇదే. థాయిలాండ్‌లో వాట్ థామ్‌క్రబోక్ అనే బౌద్ధ ఆరామం ఉంది. 1959 నుంచి అక్కడ మత్తుకు బానిసైనవాళ్లు సన్యాసుల ముందు ప్రమాణం చేసి చికిత్స మొదలుపెడతారు. విదేశాల నుంచి కూడా వస్తారు. ప్రమాణానికి బలం లేదని నేననను. నా దిగులంతా నలభై రెండో రోజు గురించే. శబరిమల నుంచి బండి దిగి మాల తీసిన సాయంత్రం, 'దీక్ష అయిపోయింది కదరా' అని సీసా పట్టుకుని ఎదురుచూసే స్నేహితులు ఉంటారు. అమెరికా రిహాబ్‌కు ఇరవై తొమ్మిదో రోజు ఎలాంటిదో మనకు నలభై రెండో రోజు అలాంటిది.

కాబట్టి ఇప్పుడే కూర్చుని ఆ రోజు గురించి రాసుకోండి. మాత్ర రోజూ ఎవరి ముందు మింగుతాడు? మొదటి నెల వారానికొకసారి, తర్వాత నెలకొకసారి కర్నూలుకు వెంట ఎవరు పోతారు? యార్డు దగ్గర టెట్రా ప్యాకెట్లు అమ్మే చోటు దాటకుండా బండి ఎటు తిప్పాలి, లేకపోతే కొన్నాళ్లు వేరే పని ఏం చూడాలి? సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎక్కడ ఉంటాడు? ఒకరోజు జారి మళ్లీ తాగితే ఎవరికి ఫోన్ చెయ్యాలి? జారవచ్చు. షుగర్ ఉన్నవాడికి ఒక నెల షుగర్ పెరిగితే డాక్టరు దగ్గరికి పోతాం గానీ ఇంట్లోంచి గెంటెయ్యం కదా. ఇదీ అంతే, మర్నాడే తీసుకుపోండి. మీ నాయనకు ఒక పని అప్పజెప్పండి. పోలీసుల దగ్గరికి పోవడానికి సిద్ధపడ్డ మనిషి కర్నూలు బస్సు ఎక్కడానికి వెనకాడడు. వార్డులో మొదటి నాలుగు రాత్రులు మంచం పక్కన ఆయన్నే కూర్చోమనండి. వణుకుతున్న కొడుకు చేతులు పట్టుకుని ఆయన ఒక రాత్రి గడపాలి.

కర్నూలుకు బయలుదేరే ముందు రోజు మాత్రం తాగకుండా బలవంతంగా ఆపకండి, దారిలోనే ఫిట్స్ రావచ్చు. ఎంత తాగాడో, చివరిసారి ఎన్ని గంటలకు తాగాడో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఓపీలో డాక్టరు ఎదురుగా కూర్చున్నాక పోయిన కార్తీకంలో వచ్చిన ఆ ఫిట్స్ సంగతి మొదటి మాటగా చెప్పండి.